తేరు ముందు రాత్రి, ఎడమ పక్క మీద

రాత్రి పదిన్నర. కదిరిలో మీ ఇంటి హాల్లో నేల కనిపించడం లేదు. రేపు లక్ష్మీనరసింహస్వామి తేరు. ధర్మవరం నుంచి చిన్నత్త, పెనుకొండ నుంచి పెద్దమామ, హిందూపురం నుంచి బావ, అక్క, వాళ్ల కొడుకు, మనవరాలు సాయంత్రానికే దిగిపోయారు. చాపలు, దుప్పట్లు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచేశారు. మీ మంచం చిన్నత్తకిచ్చారు.

"నీ ఊపిరి మిషను ఉండేది ఆడనే కదా నాయనా. నువ్వే పండుకో. నాకు చాప చాలు" అందామె.

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసీ నేసీ అరిగిపోయిన నడుము అది. దాన్ని నేల మీద పడుకోబెట్టడానికి మీకు మనసొప్పలేదు. కాబట్టి ఈ రాత్రి నేల మీది. అందులోనూ నేల మీద ఎడమ పక్క. మీకు మిగిలిన పక్క అదొక్కటే. వెల్లకిలా పడుకుంటే గొంతు మూసుకుపోతుంది, ఊపిరి ఆగుతుంది. కుడివైపు తిరుగుదామంటే షుగరు వల్ల పట్టేసిన కుడి భుజం పది నిమిషాలు కూడా బరువు మోయదు. బోర్లా పడుకోవడానికి పొట్ట ఒప్పుకున్నా మెడ ఒప్పుకోదు. రాత్రంతా ఒకే పక్క మీద గడపాలి, అదీ హాయిగా గడపాలి. హాయి లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. నిద్రలో ఒళ్లు డాక్టరు మాట వినదు. భుజం నొప్పి పుట్టగానే తనంతట తానే వీపు మీదికి పొర్లుతుంది.

"తల యాడ పెడతావు?" పెద్దమామ గోడకానుకుని కూర్చుని అడుగుతాడు. ఉత్తరం వైపు తల పెట్టడం ఈ ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. తూర్పుకు పెడితే, ఎడమకు ఒత్తిగిల్లినప్పుడు మొహం దక్షిణానికి వస్తుంది, వీపు ఉత్తరపు గోడ వైపు ఉంటుంది. మీరు హాలు మొత్తం చూసి ఉత్తరపు గోడ వారనే ఎంచుకుంటారు. వెనక గోడ ఉంటే పొర్లడానికి చోటుండదు. మిషను పెట్టే ప్లగ్గు కూడా అక్కడే.

మీ ఆవిడ అటక మీంచి రెండు బొంతలు దించుతుంది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి, పొడుగు కుట్లు వేసిన బొంతలు. ఒకటి పరిచి పడుకుని చూస్తారు. నేలకు గట్టిగా ఆనుతున్నవి రెండే చోట్లు, భుజం మొన, తుంటి ఎముక. నడుము దగ్గర అరచెయ్యి దూరేంత ఖాళీ. ఒంటి బరువంతా ఆ రెండు ఎముకల మీదే ఉంది. రెండో బొంత కూడా వేస్తే సరిపోతుందనిపిస్తుంది కానీ సరిపోదు. ఎత్తు పెరుగుతుంది గాని భుజం మీద ఒత్తిడి తగ్గదు. అందుకే మీ ఆవిడ రెండో బొంతను భుజం కిందికి రానివ్వకుండా చంక కింది నుంచి పాదాల దాకా పరుస్తుంది. ఇప్పుడు పక్కటెముకలు, తుంటి రెండు బొంతల మీద, భుజం ఒక్క బొంత మీద. భుజానికి కాస్త పల్లం దొరికింది. దాని మీది బరువు పక్కటెముకల మీదికి జారింది. ఇంకో చిన్న పని మీరే చేసుకోవాలి. కింద ఉన్న భుజాన్ని కుడిచేత్తో పట్టుకుని అంగుళమో రెండంగుళాలో ముందుకు లాగండి. మొన మీద పడుకోవడం మానేసి, భుజం వెనక కండ మీద పడుకుంటారు. తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక దిండు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు సగం సుఖం, సగం కష్టం దిండులోనే ఉంది. మీ ఆవిడ మిమ్మల్ని లేపి గోడకు ఎడమ భుజం ఆనించి నిలబెడుతుంది. చెవికీ గోడకీ మధ్య ఎంత ఖాళీ ఉందో వేళ్లతో కొలుస్తుంది. బెత్తెడు, దాని మీద మూడు వేళ్లు. తల పెట్టాక, అణిగాక దిండు అంత ఎత్తు ఉండాలి. ఇంట్లో ఉన్నది బూరుగుదూది దిండు. చేత్తో కొట్టి ఉబ్బిస్తే ఆ ఎత్తు వస్తుంది, తెల్లారేసరికి సగమవుతుంది. అందుకే కింద ఒక తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంచుతారు. దిండు పల్చనైతే తల కిందికి వాలి, బరువంతా మళ్లీ భుజం మీదికి వస్తుంది. మరీ ఎత్తైతే మెడ పైకి వంగి పొద్దున్నే పట్టేస్తుంది. గడ్డం మాత్రం ఛాతీ వైపు ముడుచుకోకూడదు. మెడ ముందుకు వంగితే గాలి దారి అక్కడే ఇరుకవుతుంది, ఏ పక్కన పడుకున్నా సరే. చెవి రాత్రంతా నొక్కుకుపోయి మండకుండా దిండు మధ్యలో పిడికిలితో ఒక గుంట చేస్తారు.

కింద ఉన్న చెయ్యి ఎక్కడ పెట్టాలి? చిన్నప్పటి నుంచీ దిండు కింద దూర్చడం అలవాటు. అట్లా పెడితే నరాలు నొక్కుకుపోయి అర్ధరాత్రి చెయ్యి మీది కాదనిపిస్తుంది, తిమ్మిరి. ఇప్పుడు చెయ్యి దిండుకు ముందు, మోచెయ్యి కొద్దిగా వంగి, మణికట్టు మడతపడకుండా. పైనున్న కుడి చేతికి ఒక దిండు, కౌగలించుకోవడానికి. పిల్లలు చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ దిండు లేకపోతే పట్టేసిన భుజం ముందుకు వేలాడి, తెల్లారేసరికి చెయ్యెత్తలేరు. మోకాళ్ల మధ్య ఇంకో దిండు, మోకాలి దగ్గరే ఆగిపోయేది కాదు, చీలమండ దాకా వచ్చే పొడుగుది. లేకుంటే పైకాలు ముందుకు జారి నడుము తిప్పేస్తుంది. నడుము దగ్గరి ఖాళీలో చిన్న తువ్వాలు మడత. చివరగా వీపుకూ గోడకూ మధ్య చుట్టలా చుట్టిన పాత దుప్పటి, మెడ దిగువ నుంచి నడుము దాకా. అది మిమ్మల్ని వెనక్కి పోనివ్వదు. ముందుకు కాస్త బోర్లపడినా ఇబ్బంది లేదు, వెనక్కి మాత్రం పోకూడదు.

"ఇన్ని దిండ్లు! పెండ్లికొడుకు విడిదిల్లు ఇది" అంటుంది అక్క.

"ఇవన్నీ లేకపోతే మా ఇంట్లో నాకు నిద్ర లేదొదినా" అంటుంది మీ ఆవిడ. అబద్ధం కాదు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు లేచి కూర్చుని మీ ఛాతీ మీద చెయ్యేసి ఊపిరి చూసింది ఆమే. మీకు తెలియని మీ రాత్రులు ఆమెకు తెలుసు.

వెల్లకిలా పడుకున్నప్పుడు జరిగేది ఏమిటో పరీక్ష చేసిన డాక్టరు ఒక్క మాటలో చెప్పాడు. లేత బోండాంలో కాగితపు స్ట్రా వేసి గట్టిగా పీలిస్తే నానిన స్ట్రా గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి కదా, గొంతూ అంతే. మెలకువలో కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి, నిద్రలో సడలుతాయి. వీపు మీద పడుకుంటే నాలుక మొదలు, అంగిలి వెనకున్న మెత్తటి కండ వెనక్కి జారతాయి. ఛాతీ పీలుస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. 10 సెకన్లు, అంతకు మించి అట్లా ఆగితే దాన్ని అప్నియా అని లెక్కేస్తారు. పక్కకు తిరిగితే నాలుక బరువు పక్కకు పోతుంది, దారి కొంత మిగులుతుంది.

ఈ పక్క మహిమ అందరికీ ఒకేలా పనిచేయదు. 1984లో షికాగో పరిశోధకురాలు రోసలిండ్ కార్ట్‌రైట్ నిద్ర భంగిమను బట్టి రోగుల లెక్కలు విడదీసి చూసింది. వెల్లకిలా ఉన్న గంటల్లో ఊపిరి ఆగడాలు, పక్కకు తిరిగిన గంటల్లోకన్నా కనీసం రెండింతలుంటే ఆ మనిషికి భంగిమతో ముడిపడిన అప్నియా అన్న కొలత అప్పటిదే. మీ రిపోర్టులోనూ ఆ రెండంకెలూ పక్కపక్కనే ఉన్నాయి. పరీక్ష రాత్రి తలకు తీగలు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పుతో పాటు ఛాతీ పట్టీ మీద అగ్గిపెట్టంత డబ్బా ఒకటి కట్టారు. ఏ క్షణాన ఏ పక్కన ఉన్నారో అది రాసుకుంది. వెల్లకిలా గంటల అంకె రెండింతలు దాటింది. పక్క మీద అంకె తగ్గింది గాని 5 లోపలికి మాత్రం రాలేదు. గంటకు 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. అందుకే మీకు పక్కతో పాటు మిషనూ రాశారు.

మిషను చిన్న పీట మీద, తలవైపు. నేల మీద పెడితే దుమ్ము లాగుతుంది. గొట్టం మొహం మీదుగా పోకుండా తల వెనక నుంచి పైకి తీసి, కిటికీ ఊచకు పాత లంగా నాడాతో వదులుగా కట్టారు. ఒత్తిగిల్లినా గొట్టం లాగదు. ముక్కుకు మాత్రమే పెట్టుకునే చిన్న మాస్కు మీది. మొహమంతా కప్పేదైతే ఎడమ పక్కన దిండు దాన్ని నెట్టేస్తుంది, సందులోంచి గాలి కంట్లోకి కొడుతుంది, పొద్దున్నే కళ్లు ఎర్రబడతాయి. దీనితోనూ బుగ్గను దిండు అంచుకు జరిపి, మాస్కు అంచు దాటి ఖాళీలో ఉండేట్టు చూసుకోవాలి. వెనక పట్టీ చెంప మీద ఒరుసుకోకుండా మీ ఆవిడ మెత్తటి ధోవతి గుడ్డ కుట్టింది.

బావ మనవరాలు మీ మొహం ముందు కూర్చుంది. "తాతా, ఇది పెట్టుకుని మాట్లాడతావా?" మీరు "ఆఁ" అనబోతారు. నోరు తెరవగానే ముక్కులోంచి పోవాల్సిన గాలంతా నోట్లోంచి బుస్సున బయటికి వస్తుంది. ఆ పిల్ల వెనక్కి దూకి, వెంటనే ముందుకొచ్చి, "ఇంకొకసారి" అంటుంది.

లైట్లు ఆరాయి. పీట పక్కన మేకుకు చిన్నత్త తెచ్చిన కదిరి మల్లెల దండ వేలాడుతోంది. మిషను గదిలోని గాలినే తీసుకుంటుంది కాబట్టి ఆ వాసనంతా వడగట్టి, ఒత్తిడి పెట్టి నేరుగా మీ ముక్కులోకి పంపుతోంది. ఇంత దగ్గరగా మల్లెపూలు ఎవరూ వాసన చూసి ఉండరు. రోంత ఎక్కువే. చెయ్యి చాపి దండను అవతలికి జరుపుతారు.

నీటి మట్టం కొలతలో 4 నుంచి 20 సెంటీమీటర్ల దాకా వెళ్లగల యంత్రం ఇది. అవసరాన్ని బట్టి తనే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎడమ పక్క మీద ఉన్నంతసేపూ తక్కువలోనే గొణుగుతుంది. మీరు వెనక్కి వాలితే గొంతు మార్చి గట్టిగా ఊదుతుంది. మీ ఆవిడ ఇప్పుడు ఆ శబ్దం వినే మిమ్మల్ని తట్టి తిప్పుతుంది, ఊపిరి చూడనక్కర్లేదు. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్, ఆయన తోటి వైద్యులు ఐదుగురు రోగుల ముక్కుల్లోకి ఇట్లాగే గాలి ఊదించి, గొంతు మూసుకోకుండా గాలితోనే నిలబెట్టవచ్చని చూపించారు. అప్పటిదాకా తీవ్రంగా ఉన్నవాళ్లకు గొంతుకు రంధ్రం పెట్టడమే గట్టి వైద్యం. దూరంగా ధర్మవరం వైపు పోయే రైలు కూత. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

ఉక్కపోతతో మెలకువ. ఫ్యాను ఆగింది, మిషను ఆగింది. కరెంటు పోయింది. మార్చిలోనే ఇట్లా ఉంటే మేలో ఎట్లా? ఇన్వర్టర్ పెట్టించాలని మీ ఆవిడ ఏనాటి నుంచో అంటోంది. మిషను లాగే కరెంటు ఇంచుమించు ఒక ఫ్యానంతే, నీళ్లు కాచే భాగం ఆపేస్తే ఇంకా తక్కువ. మాస్కు తీసి పక్కన పెడతారు. మిషను లేని ఈ గంటకు మీకున్నది ఎడమ పక్క ఒక్కటే. వీపు వెనక దుప్పటి చుట్ట సరిచూసుకుని, భుజాన్ని మళ్లీ ఒక అంగుళం ముందుకు లాక్కుంటారు.

అప్పుడు వినిపిస్తుంది.

గుర్ర్... గుర్ర్... హాలు మధ్యలోంచి. బావ. ఒక్కో గురకా ముందుదానికన్నా ఎత్తుకు పోతోంది. ఎత్తుకు పోయి, పోయి, ఒక్కసారిగా నిశ్శబ్దం. నిద్రపోయేవాళ్లకు అది హమ్మయ్య అనిపించే నిశ్శబ్దం. మీకు కాదు. లోపల లెక్కపెడతారు. ఐదు. ఎనిమిది. పన్నెండు. కిటికీలోంచి పడే వెన్నెల్లో బావ పొట్ట కనిపిస్తోంది. అది ఎగుస్తోంది, ఛాతీ మాత్రం లోపలికి పోతోంది. రెండూ ఎదురెదురుగా కొట్టుకుంటున్నాయి. మనిషి ఊపిరి పీల్చడానికి పెనుగులాడుతున్నాడు, నిద్రలోనే, ఎవరికీ తెలియకుండా. పదిహేడు. ఇరవై. ఇరవై రెండు. కాలు ఒక్కసారి ఝాడించాడు. "ఖ్ఖ్ర్" అని గాలి లోపలికి దూసుకుపోయింది. నాలుగు ఊపిర్లు. మళ్లీ గురక మొదలు.

బావ వెల్లకిలా ఉన్నాడు. రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి, గడ్డం ఛాతీలోకి దిగిపోయింది, నోరు తెరిచే ఉంది. రాత్రి ఓళిగల్లో నెయ్యి పోసుకుని, చిత్రాన్నం రెండోసారి వడ్డించుకుని, తిన్న పావుగంటకే ఒరిగాడు. పైగా నిద్ర పట్టడం లేదని ఈమధ్య ఒక బిళ్ల వేసుకుంటున్నానని సాయంత్రం తనే చెప్పాడు. నిద్రబిళ్లల్లో కొన్ని గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి, మద్యమూ అంతే. నిద్ర చాలడం లేదని వేసుకున్న బిళ్ల నిద్రను ఇంకా చెడగొడుతుంది. బీపీకి రెండు రకాల మాత్రలు, పగలు కుర్చీలో కూర్చుంటే కునుకు, చొక్కా కాలరు బొత్తాం పట్టనంత మెడ. ఇన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, ఎవరూ ఒకచోట పెట్టి చూడలేదు.

మన దేశంలో జరిగిన అధ్యయనాలు కలిపి లెక్కవేసి 2023లో వెలువరించిన పరిశీలనలో పెద్దవాళ్లలో 100కి 11 మందికి ఇట్లా ఊపిరి ఆగే నిద్రజబ్బు ఉందని తేల్చారు. మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 5. పనిచేసే వయసువాళ్లలోనే 10 కోట్ల పైచిలుకు. ఎక్కువమందికి తెలియదు. గురక పెట్టేవాడికి తన గురక వినపడదు, వినపడేవాళ్లు దాన్ని ఎగతాళి చేసి ఊరుకుంటారు. "మా ఆయన గురక పెట్టాడంటే ఎద్దులు తాళ్లు తెంపుకుంటాయి" అని సాయంత్రం అక్క అంటే హాలంతా నవ్వింది. మీరూ నవ్వారు.

ఫోన్ తీసి రికార్డు నొక్కుతారు. తిప్పేముందే తీయాలి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "కొంచెం గురక ఉందంట" అన్న మాట కన్నా రెండు నిమిషాల వీడియో నయం. తరవాత మీ ఆవిడను తడతారు. ఆమె చీకట్లోనే అర్థం చేసుకుంటుంది, ఈ పనిలో ఆమె చెయ్యి తిరిగింది. బావ అవతలి మోకాలిని మడిచి నిలబెడుతుంది. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి భుజం మీద వేసి తన వైపు లాగుతుంది. అంత మనిషీ ఒక్క లాగుకి తిరిగిపోయాడు. పైదిండు తీసేస్తుంది. వీపు వెనక మీ ఇంకో దుప్పటి చుట్టి దోపుతుంది. బావ "ఆఁ... ఏందమ్మే?" అని గొణిగి, "ఏం లేదు పండుకోన్నా" అంటే మళ్లీ నిద్రలోకి జారాడు. గురక ఉంది, సన్నగా. ఆ పొడుగాటి నిశ్శబ్దాలు ఇప్పుడు లేవు. గురక తగ్గినంత మాత్రాన అప్నియా పోయినట్టు కాదు, అది పరీక్షలోనే తేలాలి. ఈ రాత్రికి మాత్రం చాలు.

కరెంటు వచ్చింది. మాస్కు, మిషను, ఫ్యాను. తెల్లవారుజామున మళ్లీ మెలకువ, ఈసారి తుంటి. ఒకే పక్క మీద గంటల కొద్దీ ఉంటే ఏ పరుపైనా ఇంతే. అప్పుడు పూర్తిగా తిరగనక్కర్లేదు. మోకాళ్ల మధ్య దిండును ఒక జాన కిందికి జరిపి, పైకాలిని ముందుకు వేసి ఒళ్లు ముందుకు కొద్దిగా వాలిస్తే బరువు తుంటి ఎముక మీంచి తొడ ముందుకు జారుతుంది. కాసేపయ్యాక మళ్లీ యథాస్థానం. ఒక పక్క మీదే ఉంటూ ఆ పక్కలోనే మూడు నాలుగు రకాలుగా పడుకోవడం ఇది. రాత్రి నెయ్యి ఓళిగలు మీరూ తిన్నారు, కుడి పక్కయితే ఈపాటికి పుల్లటి తేపు గొంతులోకి వచ్చేది. ఎడమ పక్కన జీర్ణాశయంలోని పులుపు పైకి ఎక్కడం తక్కువ. గుండె బలహీనంగా ఉన్న కొందరికి ఇదే ఎడమ పక్క ఆయాసం తెస్తుంది, వాళ్లు డాక్టర్ని అడగాల్సిందే. మీకా ఇబ్బంది లేదు.

మొదట్లో మీకూ బంతి వైద్యం చేశారు. టెన్నిస్ బంతిని బనీను వీపు మీద జేబు కుట్టించి అందులో వేసుకోవడం. వెల్లకిలా తిరిగితే బంతి గుచ్చుకుంటుంది, తిరిగి పక్కకు పోతారు. వీధి చివరి టైలరు జేబు కుడుతూ "ఇదేం ఫ్యాషన్ సార్?" అన్నాడు. ప్రపంచమంతా వాడి చూసిన ఉపాయమే ఇది, ప్రపంచమంతా మధ్యలో మానేసిందే కూడా. ఊపిరి ఆగడం ఆపబోయి నిద్రే లేకుండా చేస్తుంది. మీ బంతి కూడా పిల్లల క్రికెట్‌లోకి పోయింది. దుప్పటి చుట్ట గుచ్చదు, ఆపుతుంది. నిద్రపోయే ఒంటిని బెదిరించేకన్నా దానికి వెనక్కి పోయే అవసరం లేకుండా చూడ్డమే తెలివి. ఈ జబ్బులో మిషనుతో పాటు పడకా ముఖ్యమే.

పొద్దున్నే కాఫీల దగ్గర బావ మెడ రుద్దుకుంటూ వచ్చాడు. "ఎవురప్పా నా దిండు తీసింది?"

"రాత్రి ఊపిరి ఆపుతాండావు బావా."

"నేనా? గురక పెడతానేమో గాని ఊపిరి ఆపేదేంది?"

మీరు ఫోన్ ఇస్తారు. బావ చూస్తాడు. మొదట నవ్వు. నిశ్శబ్దం వచ్చేసరికి నవ్వు ఆగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఆగిపోయిందేమో అనుకుని. కాలు ఝాడించే చోట అక్క చెయ్యి నోటికి పోయింది. పెద్దమామ గ్లాసు కింద పెట్టాడు.

"బప్పీలహరి పోయింది దీంతోనే కదా" అంటారు మీరు. 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో ఆయన పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బే. 1991లో "గ్యాంగ్ లీడర్" వచ్చినప్పుడు ఆయన సంగీతం కట్టిన ఆ పాటలకు టాకీసులో కుర్చీ ఎక్కి ఎగిరినవాళ్లలో బావ ఒకడు. ఆ పేరు వినగానే మొహం మారింది. బీపీ లెక్కలు చెబితే మారని మొహం అది.

"అట్లయితే పక్కకు పండుకుంటే చాల్నా?"

"చాలొచ్చు, చాలకపోవచ్చు. పరీక్ష చేస్తే తెలుస్తాది. ఊపిరితిత్తుల డాక్టరో, చెవి-ముక్కు-గొంతు డాక్టరో రాస్తారు, ఇప్పుడు కొందరికి ఇంట్లోనే మిషను కట్టి ఒక రాత్రి చూస్తారు. అంతదాకా పక్కకు పండుకో, ఆ బిళ్ల సంగతి డాక్టర్ని అడుగు. ఈ రాత్రికి కారు మాత్రం నువ్వు తోలొద్దు."

బావ ఏదో అనబోయాడు. హిందూపురం నుంచి వచ్చేటప్పుడు కళ్లు మూతలు పడితే రెండుసార్లు బండి ఆపి మొహం కడుక్కున్నానని నిన్న గొప్పగా చెప్పింది అతనే. అక్క తాళం చెవి కొడుకు చేతిలో పెట్టేసింది. వాదన అక్కడితో అయిపోయింది.

తేరు వీధుల్లోకి వచ్చేసరికి నిలబడ్డానికి చోటు లేదు. దవనం, మిరియాలు తేరు మీదికి ఎగురుతున్నాయి, కొన్ని మీ నెత్తి మీద పడుతున్నాయి. నరసింహస్వామి తేరుకు హిందువులతో పాటు ముస్లింలూ వస్తారు, ఈ ఊళ్లో అది కొత్త సంగతి కాదు. గోవిందల మధ్య పెద్దమామ మోకు అందుకోవాలని తోసుకుపోయాడు. మీ కుడి భుజానికి ఆ యోగం లేదు, ఎడమచేత్తో తాకి కళ్లకద్దుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బావ ఒక పరుపుల దుకాణం ముందు ఆగాడు. తిరనాళ్ల జనంతో దుకాణదారు ఊపిరాడకుండా ఉన్నాడు.

"మంచి దిండు సూపీ."

"మెత్తందా గట్టిదా న్నా?"

బావ మీ ఆవిడ వైపు చూశాడు. ఆమె అతన్ని దుకాణం గోడకు భుజం ఆనించి నిలబెట్టింది, రోడ్డు మీద జనం చూస్తుండగానే. చెవి దగ్గరినుంచి గోడకు వేళ్లు పెట్టి కొలిచింది. మీకన్నా రెండు వేళ్లు ఎక్కువ, బావ భుజాలు వెడల్పు. దుకాణదారు ఒక దిండు తీశాడు. ఆమె రెండు చేతులతో నొక్కి, "ఇది అణిగిపోతాది" అంది. ఇంకోటి. అది మరీ ఎత్తు. మూడోది తీసి బల్ల మీద పెట్టి, "పండుకో న్నా" అంది.

"ఈడనా?"

"ఇంటికి పోయి తిరిగి తెచ్చిస్తావా?"

బావ చెప్పులు విడిచి, పంచె సర్దుకుని, పరుపుల బల్ల మీద ఎడమకు ఒత్తిగిల్లాడు. మనవరాలు చప్పట్లు కొట్టింది. మీ ఆవిడ వెనక నుంచి మెడ నిట్రంగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసింది. గడ్డం రోంత ఎత్తమంది. అక్కను మోకాళ్లు సర్దమంది.

"ఎట్లుంది బావా?" అన్నారు మీరు.

"బాగుండాది. లేయబుద్ధి కాలేదు."

"ఒకటేనా న్నా?" అన్నాడు దుకాణదారు.

"ఒకటి కాదప్పా, మూడు" అంది మీ ఆవిడ, "తలకొకటి, చేతికొకటి, మోకాళ్లకొకటి. మూడిటికీ కలిపి ధర చెప్పు."

"నాకూ ఒకటి తీయండమ్మా" అంది చిన్నత్త వెనక నుంచి. "పొద్దున లేచేసరికి తల దిమ్మెక్కి పోతాది నాకు, ఎన్నాళ్లనుంచో."

మీ ఆవిడ చిన్నత్త వైపు తిరిగి, "నువ్వూ గురక పెడతావా చిన్నమ్మా?" అని అడిగింది.